పిలిస్తే పలికే కారు

మా కారు చెడ్డది కాదు, దానికి ఆలోచన ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కితే వెంటనే కదలదు. నిజంగానే తొక్కారా, పొరపాటున కాలు తగిలిందా అని కాసేపు విచారించుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా తల ఎగరేసి ముందుకు దూకుతుంది. లేదంటే గొంతు సవరించుకుని ఆగిపోతుంది. ఎవరైనా నన్ను పిలిచి ఏదైనా అడిగితే నేను చేసేదీ ఇదే కాబట్టి మొదట్లో దానిమీద నాకు కోపం రాలేదు. ఇద్దరం ఒకే జాతి అనుకున్నాను.

కానీ నేను ఆలస్యంగా జవాబు చెబితే వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టరు.

మా ఇల్లు మేడ్చల్ శివార్లలో ఉంది. శామీర్‌పేట దగ్గర ఒక బడిలో నేను లైబ్రరీ చూసుకుంటాను. పిల్లలు రాని పీరియడ్లలో అంత మంచి ఉద్యోగం ఇంకోటి ఉండదు. అయితే అక్కడికి చేరాలంటే పొద్దున్నే హైవే మీద ఒక యూ టర్న్ దాటాలి. అటునుంచి లారీలు, ఇటునుంచి కంపెనీ బస్సులు, మధ్యలో ఎవరి మాటా వినని ఆటోలు. చిన్న సందు దొరికితే చటుక్కున దూరిపోవాలి. మా కారు ఆ సందును చూసి, మెచ్చుకుని, అది మూసుకుపోయాక బయల్దేరేది. బయల్దేరి సరిగ్గా రోడ్డుకు అడ్డంగా ఆగేది. అప్పుడు అందరూ నన్నే చూసేవారు. పెళ్లి భోజనంలో ఎదుటి వరుస వాళ్లు చూస్తున్నారని సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కునే మనిషిని నేను.

ఒకరోజు అలాగే ఆగిపోతే ఒక ఆటో డ్రైవర్ తల బయటపెట్టాడు.

"అక్కా, గాడనే ఇల్లు కట్టుకుంటవా ఏంది? కట్టుకునేదుంటే జెప్పు, నేను సుట్టు తిరిగి పోత."

ఆ ఆటో డ్రైవర్‌ది మా ఊరే. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ కబురు నాకంటే ముందే వచ్చి కూర్చుంది. అది విని మా కాక, అంటే బాపు తమ్ముడు, సోఫాలో కాళ్లు చాపుకుని తీర్పు చెప్పాడు.

"అన్నా, గా డబ్బాను అమ్మి పారెయ్. రోజు నేనే దింపుత పిల్లను, నా బండిల."

మా కాక ప్లాట్లు అమ్ముతాడు. వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని ఆయన ఆశ. ఆయన కారు తెల్లగా, మా వంటింటి కంటే పెద్దగా ఉంటుంది. ఒకసారి అందులో బడికి వెళ్లాను. కనిపించిన ప్రతి మనిషి దగ్గరా ఆపి, అద్దం దించి, "మా అన్న బిడ్డె. మస్తు సదువుకున్నది. ఏదన్న మాట్లాడు బిడ్డా" అన్నాడు. నేను ఏమీ మాట్లాడలేదు. దారిలో ఎంతమంది ఉంటే అంతమంది ముందు ఏమీ మాట్లాడలేదు.

అసలు సంగతి అది కూడా కాదు. మా ఇంట్లో గదులకు తలుపులున్నా అవి వేసి ఉంటే మా నానమ్మకు, అంటే అవ్వకు, నచ్చదు. లోపల ఒంట్లో బాగాలేదేమో అని తోసుకుని వస్తుంది. నేను ఒంటరిగా ఉండగలిగే చోటు ఆ కారు ఒక్కటే. సాయంత్రం బడి వదిలాక శామీర్‌పేట చెరువు పక్కన ఆపి, అద్దాలెత్తి, కాసేపు చదువుకునేదాన్ని. తోచింది డైరీలో రాసుకునేదాన్ని. కారు పోతే నా గది పోయినట్టే.

బాపు నా వైపు చూడకుండా అన్నాడు. "ఆదివారం మచ్చ బొల్లారం నుంచి ఒకాయన సూడనీకి వస్తుండు. గప్పటిదాక నడుపుకో."

అంటే ఆదివారంలోపు ఏదో ఒకటి చెయ్యాలి. కారు బాగా నడిస్తే బాపుకు దాన్ని అమ్మాల్సిన అవసరం కనిపించదు. నా ఆలోచన అంతవరకే వెళ్లి ఆగింది. ఇంకొంచెం ముందుకు వెళ్లి ఉండాల్సింది.

కారుతో పాటు వచ్చిన పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ఉంటే తీసి మొత్తం చదివాను. కథ లేదు కానీ బొమ్మలున్నాయి. డిక్కీలో అనవసరమైన బరువు ఉంచవద్దని ఒకచోట రాసి ఉంది. వెళ్లి డిక్కీ తెరిచాను. పాత దుప్పటి కింద హద్దు రాళ్లున్నాయి. ప్లాట్ల నంబర్లు ఎర్ర రంగుతో రాసి ఉన్నాయి. వాటి సందులో ఒక బల్లి సంసారం కూడా పెట్టుకుంది.

"ఏ, గవి మొన్ననే పెట్టిన" అన్నాడు కాక. ఆయన లెక్కలో మొన్న అంటే పోయిన వానాకాలం కూడా కావచ్చు. "జర పైలం బిడ్డా. గవి హద్దులు. కదిలిస్తే లొల్లి అయితది."

ఇన్నాళ్లూ ఎవరిదో ప్లాటు నాతోపాటు శామీర్‌పేట పోయి వస్తోందన్నమాట. రాళ్లన్నీ మోసి పశువుల కొట్టం గోడకు ఆనించాను. కారు వెనక భాగం కొంచెం పైకి లేచింది. నా నడుము కిందికి దిగింది.

శనివారం మెకానిక్ దగ్గరికి బయల్దేరాం. సూరారం నుంచి వచ్చి మేడ్చల్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న మనిషి ఆయన. నేను, బాపు వెళ్తే సరిపోయేది. ఉచిత సలహా ఇవ్వడానికి కాక ఎక్కాడు. కారు ఎక్కడికో పోతోంది కాబట్టి అవ్వ కూడా ఎక్కింది.

"ఏమైతాంది బండికి?" అని మెకానిక్ నన్ను అడిగాడు. నేను మాట కూడగట్టుకునేలోపు కాక అందుకున్నాడు.

"పవర్ లేదు. పవర్ పెంచాలె. ఉంచుకునేదుంటే గా సైలెన్సర్ గూడ మార్చు. శామీర్‌పేటల స్టార్ట్ జేస్తే మేడ్చల్‌ల ఇనవడాలె."

ఒక్కసారి స్టార్ట్ చేస్తే రెండు ఊళ్లు తలతిప్పి చూసే కారులో నేను!

"పవర్ సాలు కాకా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఉన్న పవర్ అడగంగనే రావాలె. పిలిస్తే పలకాలె, గంతే."

"మా బామ్మర్ది గిట్లనే" అన్నాడు మెకానిక్ బానెట్ ఎత్తుతూ. "బలం మస్తున్నది. లేసుడే లేదు."

ప్లగ్గులు తీసి చూశాడు. బొగ్గులా ఉన్నాయి. కొత్తవి పెట్టాడు. గాలి లోపలికి పోయే దారిలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. మనం కాలితో తొక్కేది అసలు ఆ తలుపునే. దాని చుట్టూ జిడ్డు పట్టి అతుక్కుపోతోందని శుభ్రంగా తుడిచాడు. పెడల్ నుంచి దానికి వెళ్లే తీగ వదులుగా ఉంటే బిగించాడు. ఇదంతా బాపు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మెకానిక్ గాలి ఫిల్టర్ డబ్బా మీద చెయ్యి వేయగానే బాపు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు నేను చూశాను.

డబ్బా మూతి దగ్గర ఏదో గుడ్డ ఉంది. మెకానిక్ లాగాడు. వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. గారడీ చేసేవాడి చేతిలో రుమాలులా వస్తూనే ఉంది. నల్లగా మట్టికొట్టుకుపోయింది కానీ అంచు మీద పసుపు పూలు మాత్రం తెలుస్తున్నాయి.

"ఏంది పటేలా గిది? బండికి శ్రీమంతం జేసిండ్రా?"

బాపు జవాబు చెప్పేలోపే కారు వెనక సీట్లోంచి అవ్వ కేక వినిపించింది.

"నా చీర! అగొ, నా చిలకపచ్చ చీర!"

ఆ చీర పోయిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆమెకు అమ్మ దాన్ని వేసేసిందని అవ్వ నమ్మకం. అప్పటినుంచి ఇంట్లో ఏ స్టీలు గిన్నె చూసినా "గిది నా చీరకు వచ్చిందే గద" అని తిప్పి తిప్పి చూసేది.

"తమ్ముని ప్లాట్లల్ల తిరిగితే ఎర్ర దుబ్బ లేస్తది గదనే" అన్నాడు బాపు, చీరకు కాకుండా నేలకు చెబుతున్నట్టు. "బాయిల మోటరు పైపు మూతికి గుడ్డ కడ్తలేమా, చెత్త పోకుండ? గట్లనే కట్టిన."

"మోటరుకు జానెడు గుడ్డ కడ్తరు కొడకా! నువ్వు చీర మొత్తం కుక్కినవ్!"

"సగమే అవ్వా. మిగిలిన సగం ట్రాక్టర్‌కు కట్టిన."

మెకానిక్ నవ్వాపుకోలేక స్పానర్ కింద పెట్టేశాడు. "ముక్కుకు చీర కట్టి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది పటేలా? ఇన్ని దినాలు నడిచిందంటే మొక్కాలె గీ బండికి."

ఇంటికి వచ్చాక అమ్మ అన్నం వడ్డిస్తూ అవ్వ ముందు స్టీలు గిన్నెను మామూలు కంటే గట్టిగా పెట్టింది. అవ్వ ఆ గిన్నె వైపు చూడకుండా తిన్నది.

నేను మాత్రం తినకముందే ఒక్కదాన్నే కారు తీసి యూ టర్న్ దాకా వెళ్లొచ్చాను. వేగం ఏమీ పెరగలేదు. అదే ఇంజను, అదే వయసు. కానీ బొటనవేలు కదిపితే చాలు, కారు "ఆఁ" అంటోంది. సందు కనిపించింది, దూరిపోయాను. ఎవరూ నన్ను చూడలేదు. అంత ఆనందంలో ఇంకోసారి తిరిగాను. మళ్లీ ఎవరూ చూడలేదు.

ఆదివారం మచ్చ బొల్లారం ఆయన వచ్చాడు. జేబులో పెన్ను పెట్టుకున్న పెద్దమనిషి. కాక ఆయనకు కుర్చీ వేసి, "నిన్ననే పని మొత్తం జేపిచ్చినం. గిప్పుడు రేటు గూడ మంచిగనే పలుకుతది" అన్నాడు.

నా పథకానికి ఉన్న చిల్లు అప్పుడు కనిపించింది. అమ్మకుండా ఆపడానికి బాగు చేయించాను. బాగు చేయించి, అమ్మడానికి తయారు చేసి పెట్టాను.

"బిడ్డా, సార్‌ను కూసోవెట్టుకొని ఒక రౌండ్ కొట్టిచ్చుకరా" అన్నాడు బాపు.

ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. నేను పోనిచ్చాను. "అబ్బ, వెన్న లెక్క పోతాంది" అన్నాడాయన. హైవే ఎక్కగానే, "మస్తున్నది. ఇగ సాలమ్మా, తిప్పు" అన్నాడు.

తిప్పితే ఇల్లు వస్తుంది. ఇల్లు వస్తే బేరం. మేము అమ్మడం లేదండీ అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట గొంతులో ఉంది. యూ టర్న్ వచ్చింది, వెళ్లిపోయింది.

"అమ్మా, యూ టర్న్ పోయింది."

నేను తల ఊపాను.

"ఎటు పోతున్నమమ్మా?"

దానికీ తలే ఊపాను. ఇంకో దారిన చుట్టు తిరిగి శామీర్‌పేట రోడ్డు ఎక్కాక ఆయన భార్యకు ఫోన్ చేశాడు. "ఆఁ, కారు మంచిగనే ఉన్నది. లే, ఇంటికొస్తలేను. ఎటు పోతున్ననో నాకు తెల్వది. పిల్ల మాట్లాడుత లేదు."

చెరువు పక్కన కారు ఆపాను. స్టీరింగ్ వైపు చూస్తూ, "అమ్మం" అన్నాను.

"ఎవలతోని అంటున్నవమ్మా? నాతోనా, బండితోనా?"

"మీతోనే. కారు అమ్మం. నాకు గావాలె."

ఆయన సీటు బెల్టు విప్పుకున్నాడు. "గీ ముక్క మేడ్చల్‌ల జెప్తే అయిపోతుండె గద తల్లీ. గింత దూరం ఎందుకు పట్టుకొచ్చినవ్? నేనైతే పరేషాన్ అయిన."

అంతలో చేపలు వేయిస్తున్న వాసన వచ్చింది. "సరే, వచ్చినం గద" అని దిగి ఒక ప్లేటు తెచ్చుకున్నాడు. నాకూ ఒకటి తెచ్చాడు. తిరుగు దారిలో, "ఇంతకు ఏం జేపిచ్చినవమ్మా దీనికి? నా బండి గూడ జర మొండిది" అని అడిగాడు. నేను ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టాను. రేకు తలుపు, తీగ, హద్దు రాళ్లు, బల్లి, అవ్వ చీర. ఆయన మధ్యలో ఏదో అనబోయినా అవకాశం ఇవ్వలేదు. మేడ్చల్ వచ్చేసింది.

గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. "గింత సేపా? పోలీసులకు జెప్దామనుకున్నం" అన్నాడు కాక. "ఏమాయె, రేటు కుదిరిందా?"

"మీ పిల్ల అమ్మదట" అన్నాడు ఆయన పళ్ల సందులోంచి ముల్లు తీసుకుంటూ. "నాకు జెప్పింది. ఇగ మీకు నేను జెప్తున్న."

కాక బాపు వైపు చూశాడు. బాపు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. బాపు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక టైరును కాలితో నొక్కి చూశాడు.

"గాలి తక్కువున్నది. రేపు బడికి పోంగ కొట్టిచ్చుకో" అని లోపలికి వెళ్లిపోయాడు.