పెద్దమ్మ బొటనవేలు

నేను చెప్పబోయేదంతా నిజం. మగ్గం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఒక్క మాట అబద్ధమైనా నా చేతి కింద పోగు నిలవకూడదు. ధర్మవరంలో నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. నవ్వనీండి.

మా పెదనాయన బతుకుదెరువుకు రంగూన్ పోయి, అక్కడే పుట్టిపెరిగిన తెలుగు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆయన పోయాక పెద్దమ్మ కూతురితో మా ఇల్లు చేరింది. మా ఇంటి ఆడపడుచుగా కూతురిని హిందూపురంలో ఇచ్చాము. పెద్దమ్మ మాత్రం కాగితాల లెక్కన పరదేశి. ఆమె ఊళ్ళోనే ఉందో లేదో చూసిపోవడానికి మా ఇంటికి పోలీసు వచ్చేవాడు. వచ్చి మజ్జిగ తాగి పోయేవాడు, అంతే. కానీ ఆ సంగతి హిందూపురం దాకా పోయింది.

కూతురికి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా అని పెద్దమ్మా నేనూ పిలవడానికి పోతే వియ్యపురాలు మెత్తగానే చెప్పింది. "పోలీసోళ్ళు వచ్చే ఇంటికి కోడల్ని పురిటికి యాడ పంపేదమ్మా. మీ కాయితం రానీ. అంతవరకు మీరూ ఈడికి రావద్దండి."

పెద్దమ్మ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది. పెనుకొండ ఆఫీసుకు ఆమెను తీసుకుపోయే పని నాది. స్టేషన్లో దిగాక ఆమె వెంటనే కదిలేది కాదు. మమ్మల్ని దించిన బండి హిందూపురం వైపు పోయి కనుమరుగయ్యేదాకా నిలబడేది.

ఆఫీసులో గుమాస్తా వేలిముద్ర అడిగాడు.

"ఏమ్మా, గట్టిగా ఒత్తు."

"ఒత్తినా గదా సామీ."

"ఒత్తితే గీతలేవి? ఇది బొటనేలా, గోలీగుండా?"

తప్పు ఆయనది కాదు. పెద్దమ్మ మా వీధి మగ్గాలన్నిటికీ పడుగు అతికేది. బూడిద అద్దుకొని, పాత పడుగు చివర్లకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టడం ఆ పని. ఆ మెలికలకు బొటనవేలు గాజులా నునుపు తేలింది. ముద్ర కుదరదని దరఖాస్తు తిప్పి ఇచ్చేశారు.

పెద్దమ్మ పని మానేసింది. వేలికి వెన్న పూసుకొని గడపలో కూర్చుని, పొద్దస్తమానం దాన్నే ఎండకు తిప్పి చూసుకునేది. "వస్తాండాయిరా గీతలు," అనేది. మగ్గం చప్పుడు వినబడితే మాత్రం చేతులు ఒళ్ళో దాచుకునేది.

గీతలు వచ్చాయి, దరఖాస్తు కదిలింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. దిగులు పడుతుంటే నేనే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. "నీ కాయితం ఢిల్లీకి నడిచి పోతాండాది పెద్దమ్మా. కర్నూలు కాడ చెప్పు తెగిందంట."

"నా చెప్పులిచ్చి పంపింటే పోయేది గదరా," అనేది నవ్వకుండా.

ఆ కాగితం నడుస్తుండగానే హిందూపురంలో కాన్పయింది. ఆడబిడ్డ. బారసాలకూ పిలుపు రాలేదు. బిడ్డ పాకింది, నిలబడింది, నడిచింది. అన్నీ కబుర్లే.

చివరికి కాగితం వచ్చింది. మరునాడే బండెక్కాము. వియ్యపురాలు ఎదురొచ్చి, "ఇంగ మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు, ఎన్నాళ్ళైనా ఉండండి," అంది. బిడ్డ తప్పటడుగులతో నేరుగా పెద్దమ్మ దగ్గరికి వచ్చి, ఆ బొటనవేలినే పట్టుకొని వదలలేదు.

ఇప్పుడు మగ్గం మీద నుంచి చెయ్యి తీసి చెబుతున్నాను. బిడ్డ వేలు పట్టుకోవడం ఒక్కటే నేను అల్లింది. నిజానికి బిడ్డ ఆమెను చూసి ఏడ్చింది. "అవ్వా" అంటూ పోయి వియ్యపురాలి కొంగులో తల దాచుకుంది. పెద్దమ్మ తెచ్చిన గౌను అరుగు మీద పెట్టి, "ఇంట్లో పనుండాది," అంది. సాయంత్రం బండికే తిరిగొచ్చాము.

దారిలో పెనుకొండ దగ్గర బండి ఆగింది. పెద్దమ్మ అలవాటు కొద్దీ లేచి దిగబోయింది. నేను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను.