గోనెసంచిలో అతుకు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి ఆ బెంచీ అలవాటైపోయి. మూడోసారికి మాస్టారే విసిగిపోయి, మా నాన్నతో చెప్పి నన్ను టైలరు దగ్గర పెట్టించారు. స్కేలు పెట్టి గీసినా వంకరపోయే నా గీత, కత్తెర పట్టాక తిన్నబడింది. నర్సీపట్నంలో నా కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరని ఇప్పటికీ కాస్త పొగరు.

ఆ శనివారం మధ్యాహ్నం నాతవరం నుంచి ఒక మామ్మగారు షేర్ ఆటోలో వచ్చారు. వారం క్రితం తన తల్లిదని ఒక పాత తెల్లచీర ఇచ్చి, దాంతో మునిమనవరాలికి గౌను కుట్టమన్నారు. గౌను కోసమే వచ్చారు, మర్నాడు ఆదివారం పాపను మొదటిసారి చర్చికి తీసుకెళ్లాలట. పాత బట్ట చేతికొస్తే వెలుతురుకి పట్టి చిరుగులు చూసుకోవడం, వాటిని తప్పించి కత్తిరించడం మా పద్ధతి. ఆ చీర మధ్యలో అరచేయంత అతుకు ఉంది. తెల్లగుడ్డ మీద నల్లదారం, ఒక కుట్టు తూర్పుకి, ఒకటి పడమరకి. దాన్ని నీటుగా తీసి పారేశాను.

గౌను చేతికిచ్చి, మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఆవిడ గౌనును ముందూ వెనకా తిప్పారు, లోపలికి తిరగేశారు, మళ్లీ తిప్పారు.

"అతుకేది బాబూ?"

"ఎవరికీ కనబడకుండా సేసినాను కదా మామ్మా" అని నవ్వాను.

ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. "సూపు పోయాక తడుముకుంటా కుట్టింది మాయమ్మ. దాని కోసరమే కదా ఈ గౌను. పాప గుండె మీదకొస్తాదనుకున్నాను."

గబుక్కున వంగాను. బల్ల కింద చూస్తే కత్తిరించిన ముక్కలు వేసే గోనెసంచి లేదు. పొద్దున్నే పరుపులాయన పట్టుకుపోయాడు. ఆ ముక్కలన్నీ మెషీన్లో వేసి, పీచు చేసి, దిళ్లలో కూరతాడు. ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. మెషీన్ తిరుగుతుంటే ఆయనకు ఫోను వినబడదని నాకు తెలుసు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

బండి తీశాను. ఆవిడా వెనక ఎక్కేశారు. సెంటర్లో చెరుకు ట్రాక్టరు అడ్డంగా ఆగిపోయి ఉంది. హారన్ కొడుతూనే ఉన్నాను. నా బండి ఎవరెక్కినా దారంతా వాగుతాను. ఆ రోజు మాత్రం నా భుజం మీద బిగుసుకున్న ఆవిడ వేళ్లే తెలుస్తున్నాయి.

పరుపులాయన షెడ్డు బయటికే మెషీన్ గరగర వినబడింది. లోపలికి పరిగెత్తి స్విచ్చి నేనే ఆపేశాను. నా సంచి సగం ఖాళీ. ఆవిడ నేల మీద కూర్చుని ఒక్కో ముక్కా తీయడం మొదలుపెట్టారు. పీచు కుప్పలో తెల్లపోగు కనబడ్డప్పుడల్లా నల్లదారం ఉందేమోనని వంగి చూశాను. గుడ్డపేలికకి ఇంత గొడవేటని పరుపులాయన విసుక్కున్నాడు. గంట ముందైతే నేనూ అదే అనేవాణ్ని.

సంచి అడుగున, లైనింగు ముక్కల మధ్య దొరికింది. ఆవిడ కళ్లు మూసుకుని, ఆ కుట్లు వేలితో తడిమి, ఇదే అన్నారు.

షాపుకొచ్చి ఆ ముక్కను గౌను గుండె భాగం మీద పెట్టి కుట్టాను. పాత కుట్టు ఒక్కటీ సరిచెయ్యలేదు. చుట్టూ నా కుట్టు సన్నగా, వరసగా కూర్చుంది. భయం తీరితే నా నోరు ఊరుకోదు కదా. నిజం చెప్పండి మామ్మా, నా కుట్టు బాగుందా, మీ అమ్మగారిదా అని అడిగాను.

ఆవిడ గౌను మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"నీదే బాగుంది నాయనా. కానీ నీది పోతే ఇలాగ బండేసుకుని ఎవరెతుకుతారేటి?"