నేను మార్చి చెప్పిన హిందీ సినిమా

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో పాత హిందీ కుటుంబ చిత్రమొకటి పెట్టి, రిమోట్ మీద ఏదో నొక్కగానే అందులోని వాళ్ళంతా గడగడా తెలుగు మాట్లాడటం మొదలుపెట్టారు. నా పక్క కుర్చీలో రాజోలు నుంచి చూడవచ్చిన మా మేనత్త. పది నిమిషాలు గడిచేసరికి అది ఏ సినిమానో గుర్తుపట్టి అత్త వైపు దొంగచూపు చూశాను.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రం వచ్చే హిందీ సినిమా కోసం, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వీధి వీధంతా టీవీ ఉన్న ఇంటికి చేరేది. పి.గన్నవరంలో మా వీధికి ఆ ఇల్లు మాదే. హిందీ పరీక్షలు రెండు ప్యాసయ్యానన్న పాపానికి, పద్నాలుగేళ్ళ నన్ను టీవీ పక్కన పీట వేసి కూర్చోబెట్టి కథ చెప్పమనేవారు. ఆ పరీక్షలకు నేను బట్టీపట్టింది నాలుగు పద్యాలూ, రెండు సెలవుచీటీలూ. సినిమావాళ్ళ మాటల వేగానికి అవి ఏ మూలకు? తెలియదంటే పరువు పోతుందని మొహాలు చూసి కథ అల్లేసేదాన్ని. నవ్వితే పెళ్ళి కుదిరిందనీ, ఏడిస్తే పొలం పోయిందనీ చెబితే అందరూ నమ్మేవారు.

అప్పటికి నాలుగేళ్ళుగా మా ఇంట్లో మేనత్త పేరెత్తకూడదు. తనతోపాటు బడిలో పాఠాలు చెప్పే క్రైస్తవ మాస్టారిని పెళ్ళి చేసుకుందని నాయనమ్మ గడప తొక్కవద్దంది. రాజోలు ఎంత దూరం గనుక? అయినా అత్తకు బిడ్డ పుట్టిన సంగతి కొబ్బరికాయలు కొనడానికి వచ్చినాయన చెబితే తెలిసింది, నాయనమ్మ అదీ విననట్టే ఉండిపోయింది. నాకు జడలు వేసి, చదువు చెప్పి పెంచింది ఆ అత్తే. ఆవిడ లేని ఇంట్లో నాకు ఏడుపొచ్చేది.

ఆ ఆదివారం సినిమాలో, చంటిబిడ్డనెత్తుకుని ఓ కూతురు పుట్టింటి గుమ్మంలో నిలబడింది. తల్లి నాలుగు మాటలంది. విచిత్రమేమిటంటే, సినిమా మొత్తంలో నాకు స్పష్టంగా అర్థమైనవి ఆ నాలుగు మాటలే: నువ్వు నాకు ఏనాడో చచ్చిపోయావు, వెళ్ళిపో అని. వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ చేతిలో పత్తి ఆగిపోయింది.

"ఏవంటందే ఆవిడ?" అంది.

"తప్పు నాదే, లోపలికి రామ్మా అంటంది" అనేశాను.

సరిగ్గా అప్పుడే తెరమీద ఆ తల్లి తలుపు వేసేసింది.

"మరి తలుపేసేసిందేవే?"

"హారతి పళ్ళెం తేవడానికెళ్ళింది నాయనమ్మా."

నా పుణ్యం కొద్దీ వెంటనే కరెంటు పోయింది. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నాన్నను పిలిచి, రాజోలు వెళ్ళి అత్తనూ మామయ్యగారినీ బిడ్డనూ తీసుకురమ్మంది. వాళ్ళు వచ్చినప్పుడు గుమ్మంలో హారతి పళ్ళెంతో తనే నిలబడింది. ఇదంతా నా హిందీ మహిమేనని, ఎవరికీ చెప్పకుండా ఎన్నేళ్ళు మురిసిపోయానో.

మొన్న ఆ సీను రానే వచ్చింది. ఆ తల్లి శుభ్రమైన తెలుగులో కూతుర్ని పొమ్మంది. అత్త వైపు చూడలేక నేను రిమోట్ కోసం తడుముకుంటుంటే, అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే. నువ్వు కథ మార్చావని అమ్మ నాకప్పుడే చెప్పేసింది. 'తలుపేసే మొహం నాకు తెలీదేంటి, నాలుగేళ్ళు నేను పెట్టుకు తిరిగింది అదే కదా, దాన్ని కప్పెట్టడానికి పిల్ల అబద్ధం ఆడతంటే సిగ్గేసిందే' అంది."

ఇప్పుడు ప్రతి మాటా ఉన్నదున్నట్టు తెలుగులో వినిపిస్తోంది, సౌకర్యమే, కాదనను. మా మనవరాలికి పక్కన కూర్చుని కథ చెప్పేవాళ్ళు అక్కర్లేదు. కానీ ఇంటిల్లిపాదీ ఒక పిల్ల నోటివంక చూస్తూ కూర్చునే ఆ సాయంత్రాలు తలుచుకుంటే మనసు లాగుతుంది.

అత్తా నేనూ ఆ సినిమాను మొదటిసారి చివరిదాకా చూశాం. ఆ తల్లి మనసు మారి తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. అత్త నా చెయ్యి వదల్లేదు.