పులికంప దడి

ఇన్నేళ్ళూ ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అది. పట్టపగలు, పదిమంది ముందు, ఖాకీ బట్టల్లో నిలబడి ఆడాను. నా భార్యకి చెప్పలేదు, ఆమె పోయింది. పిల్లలకి చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజులు. మాది అనకాపల్లి. రావికమతం అవతల కొండల్లో నన్ను ఫారెస్టు గార్డుగా వేశారు. ఆ ఏడు నాకప్పగించిన పని పులికంప తీయించడం. మీరు చూసే ఉంటారు. ఒకే గుత్తిలో పసుపు, గులాబి పూలు, నలిపితే ఘాటు వాసన కొట్టే గరుకు ఆకు, నల్లటి చిన్న పళ్ళు. ఎవరో దొర బంగళా ముందు అందానికి పెంచాడట. పిట్టలు పళ్ళు తిని అడవంతా చల్లాయి. దాని కింద గడ్డి కూడా మొలవదు. రేంజరు నాకు గట్టిగానే చెప్పాడు. పళ్ళు పండకముందే వేళ్ళతో సహా తవ్వించాలి, పైపైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. నరికిన మండలు కాల్చేయాలి, పశువు తింటే విషం.

నేను తవ్వించలేదు. ఎండలు, రాతినేల. పైపైన నరికించి, వేళ్ళతో సహా తీయించానని రాసి పంపాను. మండలు కాల్చే ఓపిక కూడా లేక, కొండకింద గూడెం వాళ్ళని మోసుకుపొమ్మన్నాను. పశువుల సాలకి దడి కట్టుకోండి, ముళ్ళుంటాయి, చిరుత రాదు అన్నాను. వాళ్ళు సంతోషించారు.

ఆ వేసవిలో మేత లేదు. వారం తిరక్కముందే ఆవులు వెలుగుకి భయపడసాగాయి. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. పొద్దెక్కితే సాల మూలకి పోయి, గోడకి మొహాలు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి కదలకుండా నిలబడేవి. అరిచేవి కావు. కళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత తోలు ఊడటం మొదలైంది. తెల్లమచ్చ ఉన్నచోటే ఊడేది; నల్లమచ్చ నిగనిగలాడుతూ అలాగే ఉండేది, ఎవరో అంచు వెంట కత్తితో కోసినట్టు. నాలుగు చచ్చాయి. దడి దగ్గరికి వెళ్ళి చూశాను. ఆవు తల అందినంత మేర ఒక్క ఆకు లేదు.

నాకు అర్థమైంది.

గూడెం మాత్రం చిల్లంగి అంది. చేతబడి చేసేది ఎవరని చూస్తే, చివర గుడిసెలో ఒంటరిగా ఉండి ఆకు పసర్లు ఇచ్చే ముసలి సన్నమ్మ కనిపించింది వాళ్ళకి. ఒక మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరకి వచ్చింది. ఆకులు లేని పులికంప మండ ఒకటి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"బాబూ, ఆవులకి ఎవులూ ఏటీ సెయ్యనేదు. ఈ ఆకు తిన్నాయి. నాను సెప్తే ఎవులూ ఇనరు. నువ్వు సెప్పు."

"నాకు తెలీదమ్మా," అన్నాను.

"నీకు తెలుసు," అంది. కోపంగా అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దలు కూర్చున్నారు. ఆవిడ చెప్పిందంతా విని, గూడెం పెద్ద నా వైపు తిరిగాడు. "గార్డుబాబూ, సదువుకున్నోడివి. ఆకు తింటే తోలు ఊడతాదేటి?"

ఆ క్షణంలో ఏం ఆలోచించాను? ఉద్యోగం గురించా? వాళ్ళ చేతుల్లో కర్రల గురించా? కుర్రతనం, భయం అని సర్దిచెప్పుకోవచ్చు. కాని నేనేమీ ఆలోచించలేదు. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"ఊడదు," అన్నాను.

ఆవిణ్ణి తాకడానికి ఎవరికీ ధైర్యం లేదు. దూరం నుంచి రాళ్ళు వేశారు. ఆవిడ పరిగెత్తలేదు. నేను నరికించకుండా వదిలేసిన పొద ఒకటి కొండవాలున ఉంది, అడవిపంది కూడా దూరలేనంత దట్టం. వంగి అందులోకి వెళ్ళింది. కొమ్మలు కదిలాయి. ఆగాయి. అవతల కాపు కాసినవాళ్ళెవరూ ఆవిడ బయటికి రావడం చూడలేదు.

ఆ మర్నాటి నుంచి నేనే గునపం పట్టి ఆ పొదని తవ్వాను. ఎనిమిది రోజులు, ఒక్కణ్ణే, ప్రతి వేరూ. ఏదైనా దొరకాలనా, దొరకకూడదనా? ఆ ఘాటు వాసనలో వెనకాల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుండేది, తిరిగితే ఆకులే. చీర పేలిక కూడా దొరకలేదు. చివరికి ఖాళీ నేల మిగిలింది.

ఇంకొన్నాళ్ళకి దడి ఎండి ఆకులన్నీ రాలిపోయాయి. మిగిలిన ఆవులు కోలుకున్నాయి. సన్నమ్మ పోవడంవల్లేనని గూడెం నమ్మింది. నాకో గుమ్మడికాయ తెచ్చి ఇచ్చారు. తీసుకున్నాను.

తర్వాత సబ్బవరం సంతలో, మా ఊరి బెల్లం బజారులో ముసలి మొహాల్లోకి చూస్తూ తిరిగాను. కనిపిస్తే కాళ్ళ మీద పడేవాణ్ణా, పక్క సందులోకి తప్పుకునేవాణ్ణా? తప్పుకునేవాణ్ణే అనుకుంటాను.

ఆవులు పులికంప తిని చచ్చాయి. దడి కట్టుకోమన్నది నేను. సన్నమ్మ ఏమీ చేయలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. రాశాను. చెయ్యి కొంచెం తేలికగా ఉంది.