పిన్ని కొన్న రేకుల షెడ్డు

మా పిన్నికి కోపం వస్తే అరవదు. కుడుతుంది. ఆమె పని కూడా అదే. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఒకసారి తోటికోడలు ఒక జాకెట్టు తెచ్చి, నడుము దగ్గర వదులు చెయ్యమని ఇస్తూ, "మీ ఆయన ఆ మొక్కలకి తప్ప ఇంక దేనికీ పనికిరాడే" అంది. పిన్ని వదులు చెయ్యాల్సిన నడుమును ఇంకో వేలెడు బిగించి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది. ఆవిడ దాంట్లో దూరలేక వచ్చి నిలదీస్తే, "వదులు చేసే ఇచ్చాను అక్కా. నువ్వే కాస్త ఒళ్లు చేసినట్టున్నావు" అంది. పాపం ఆవిడ నెల్లాళ్లు కడుపు మాడ్చుకుంది. పిన్ని ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్లే. పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. మా బాబాయి బస్సుల డిపోలో మెకానిక్. డ్యూటీ దిగితే తిన్నగా పెరట్లోకే వెళ్లేవాడు. అక్కడ తన చేత్తో కట్టుకున్న చెక్క షెడ్డు, అందులో పారలు, కత్తెరలు, ఒక పాత కుర్చీ, అటక మీద చిక్కుడు గింజల డబ్బా. అంచున ఊదారంగు చార ఉన్న ఆ చిక్కుడు మా ఎరుకలో ఇంకెవరి పెరట్లోనూ లేదు. ఏటా మంచి గుత్తులను తీగకే ఎండనిచ్చి, గింజలు వలిచి, మరుసటి వానలకు దాచేవాడు. ఆయన పోయాక పిన్ని ఆ పని ఒక్క ఏడాది కూడా మానలేదు. సాయంత్రాలు ఆ కుర్చీలోనే కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుట్టేది.

మోకాలి ఆపరేషనుకు పిన్ని ఆస్పత్రిలో ఉన్నప్పుడు, తోటికోడలు మనుషుల్ని పెట్టి ఆ షెడ్డు పీకించేసింది. చెదలు పట్టిందట. గోడ దాటి తన తలుపులకు పాకుతోందట. చెదల మాట నిజమే, నేనూ చూశాను. అయితే మాత్రం, మంచాన ఉన్న మనిషిని ఒక్క మాట అడిగితే ఆవిడ సొమ్మేం పోయింది? పారలు, కుర్చీ పాతసామాన్ల వాడి బండెక్కాయి. గింజల డబ్బా ఒక్కటే గోడ మీద దొరికింది. ఎవరో విసిరినప్పుడు మూత ఊడి, సగం గింజలు అవతలి పెరట్లోకి ఒలికిపోయాయి.

పిన్ని చేతికర్రతో వచ్చి, ఖాళీ జాగాను చూసి, తలెత్తింది. ఎదురుగా తోటికోడలి వంటింటి కిటికీ.

"అక్కడ నిలబడే కదా అంతా చూసి ఆనందించింది! ఇక చూడనీ. రోజూ చూస్తుంది" అంది.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని షెడ్లు అమ్మే కొట్టుకు వెళ్లింది. కొట్టతను చెక్కది చూపించాడు. "ఇది లోపల చల్లగా ఉంటుందమ్మా. చెదల మందు పూసి ఇస్తాం. ఏటా ఒకసారి మీరు మళ్లీ పూసుకోవాలి, అంతే."

"చూడటానికి ఎలా ఉంటుంది?"

"ముచ్చటగా ఉంటుందమ్మా. పక్కింటివాళ్లు కూడా మెచ్చుకుంటారు."

"అయితే వద్దు" అంది పిన్ని.

ప్లాస్టిక్‌ది తేలిక, తుప్పు పట్టదు, తుడిస్తే చాలు అన్నాడు. పిన్ని వేలితో తట్టింది. డొప్పు డొప్పుమంది తప్ప పెద్ద చప్పుడేమీ రాలేదు. పెదవి విరిచి, రేకుల షెడ్డు దగ్గరకు నడిచింది.

"ఇది ఎండకి మెరుస్తుందా?"

"మెరుస్తుంది గానీ, రంగు వేసేస్తామమ్మా."

"రంగు వద్దు. వాన పడితే?"

అతను తల గోక్కున్నాడు. "కాస్త మోగుతుంది. లోపల థర్మోకోల్ వేయిస్తే..."

"ఏమీ వేయించొద్దు. ఇదే ఇవ్వు."

"వేసవిలో లోపల కాలిపోతుందమ్మా. విత్తనాలూ అవీ పెట్టుకుంటారేమో..."

"నేను పెట్టుకునేది నాకు తెలుసులే నాయనా" అంది పిన్ని. చెప్పొద్దూ, నాకూ ఆ పూట భలే హుషారుగా ఉంది. ఆ మాట నేనూ చెవిన వేసుకోలేదు.

కిటికీ కొలత, ఎండ కొలత తన టేపుతోనే చూసుకుని షెడ్డు నిలబెట్టించింది. మధ్యాహ్నమయ్యేసరికి రేకు మీది వెలుగు నేరుగా వెళ్లి తోటికోడలి కళ్లల్లో పడేది. నాలుగో రోజుకు కిటికీకి దుప్పటి వేలాడింది. పిన్ని కడుపు చల్లబడింది. గింజల డబ్బాను అందరూ చూసేలా రెండు చేతులా పట్టుకుని పెరడంతా నడిచి, షెడ్డులో అటక మీద పెట్టింది. షెడ్డంటూ ఉంటే ఆ డబ్బా ఉండాల్సిన చోటు అదే మరి. ఆ వేసవంతా అది అక్కడే ఉంది.

తొలి వానకు షెడ్డు వాయించిన వాయింపుకు వీధి వీధంతా లేచింది. తోటికోడలు గోడ దగ్గరకొచ్చి, చేతులు తిప్పుతూ నోటికొచ్చినట్టు తిట్టింది. పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమీ వినపడట్లేదు అక్కా!" అని నవ్వుతూ కేకేసింది. అలాంటి నవ్వు బాబాయి పోయాక ఆమె ముఖంలో నేను చూడలేదు.

వాన తగ్గాక గింజలు నాటింది. ఒక్కటీ మొలవలేదు. మిగిలినవీ నాటింది. అవీ అంతే. మట్టి తవ్వి ఒక గింజ తీసి నొక్కితే పిండిలా రాలింది. పిన్ని ఆ పిండిని వేళ్లతో దులుపుకుని, రేకుల షెడ్డు వైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

అప్పుడే గోడ అవతల ఒక తీగ కనిపించింది. ఆనాడు ఒలికిన గింజల్లో ఏదో నీడపట్టున మట్టిలో నిలిచి మొలిచి, తోటికోడలి కర్రల పందిరి ఎక్కింది. పువ్వు పూసింది, కాయ కాసింది. అంచున ఊదారంగు చార. పిన్ని మిషను దగ్గర కూర్చున్నా చూపు అటే. "ఒక గుత్తి ఎండనిస్తే చాలే" అనేది నాతో. అడగమంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది. తోటికోడలికి ఆ చిక్కుడు ఎవరిదో తెలియదా? బాగా తెలుసు. అందుకే ఏ కాయనూ ముదరనివ్వలేదు. లేతగా ఉండగానే తెంపి, కూర వండేసేది.

చివరికి తీగ పసుపెక్కింది. ఒకే ఒక్క గుత్తి మిగిలింది. ఆ మధ్యాహ్నం కాలం కాని కాలంలో జోరున వాన. తోటికోడలు గొడుగేసుకుని పెరట్లోకి రావడం చూసి, పిన్ని కుడుతున్న చొక్కా అక్కడే పడేసి, చేతికర్ర కూడా తీసుకోకుండా వానలోకి పరిగెత్తింది. వెనకాలే నేను.

"అక్కా! అది తెంపకు! గింజకి వదిలెయ్యి! మీ మరిది గింజలవి, నా దగ్గర ఇంక లేవు! నీ కాళ్లు పట్టుకుంటాను అక్కా!"

పక్కనే రేకులు దడదడమని మోగుతున్నాయి. తోటికోడలు గుత్తి మీద చెయ్యేసి ఆగింది. పిన్ని ముఖంలోకి చూసింది. ఆ తర్వాత గొడుగు భుజానికి ఆనించి, తీరిగ్గా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏమీ వినపడట్లేదే!" అంది.

అంత చప్పుడులోనూ ఆ మాట మా ఇద్దరికీ స్పష్టంగా వినపడింది. గుత్తి తెంపుకుని ఆవిడ లోపలికి వెళ్లింది. కాసేపటికి కిటికీకి ఉన్న దుప్పటి పక్కకు జరిగింది, లోపల ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంటూ కనిపించింది.