గింజంత సిపాయికి ముఖం

ఒంటి వెంట్రుక కుంచెతో, బియ్యపు గింజంత సీసపు సిపాయికి కనుబొమలు దిద్దిన చెయ్యి నాది. భారత సైన్యం నిజాం మీదికి వచ్చిన పోలీస్ యాక్షన్ నాటికి ఎనిమిదేళ్లవాణ్ణి. గోడెక్కి కూర్చుని, సికింద్రాబాద్‌లోకి వచ్చిన ట్యాంకులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆ యుద్ధాన్ని బొమ్మ సిపాయిలతో బల్ల మీద నాలా పరచగలిగినవాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు. అదే చేతిని ముప్పై ఏళ్లుగా ఒక ఫోటో పట్టుకుని వేలాడుతోంది. అరచేతంత ఫోటో. దించుకోలేక చస్తున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ముందు పై కోతలు సరిచేస్తాను. ఒంటి వెంట్రుక కుంచె అబద్ధం. దాని మీద రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న మామూలు కుంచె చాలు. కనుబొమలూ అబద్ధమే. ఆ సైజు సిపాయికి ముఖమంటే ఒక చుక్క, అంతే. మూడడుగుల దూరంలో నిలబడి చూసేవాడి కన్ను మిగతాదంతా తానే కల్పించుకుంటుంది. ట్యాంకులా? ఆ రోజు నేను మంచం కింద ఉన్నాను. మా అమ్మ చెయ్యి నా నోటి మీద ఉంది. ఏదో చప్పుడు విన్నాను. అది లారీదేనేమో.

ఇవన్నీ చిన్నవి. అసలుది దానియేలు సంగతి.

దానియేలు బోయిగూడలో మా పక్కింటి బడిపంతులు. వాళ్ల నాన్న నిజాం సైన్యంలో బ్యాండు వాయించేవాడు. పోలీస్ యాక్షన్ తర్వాత ఇంట్లోవాళ్లు భయపడి ఆయన యూనిఫారం పొయ్యిలో పెట్టేశారట. ఆయన పోయాక మిగిలింది ఒక్క ఫోటో. చంకలో బాకా, చేత్తో రంగులద్దిన ముఖం. నేను పాచికలు వేసి ఆడే యుద్ధాల కోసం లొంగిపోతున్న నిజాం సైన్యానికి రంగులు వేస్తుంటే, దానియేలు రోజూ వచ్చి భూతద్దంలోంచి చూసేవాడు. ఒకరోజు నా నోరు ఊరుకోలేదు. మీ నాయిన ఫోటో పట్టుకురా, ఆ ముఖమే సిపాయికి దించేస్తానన్నాను.

ఎందుకన్నాను? చుక్క పెట్టేవాడికి ఫోటో ఎందుకు? వాడి కళ్లలో పెద్దవాణ్ణి కావాలని. ఇంకేమీ లేదు.

రుమాలులో చుట్టి తెచ్చాడు. రంగు వేయడానికి ఐస్‌క్రీం పుల్ల మీద వరసగా అంటించిన సిపాయిల పక్కన దాన్ని నిలబెట్టాను. మూడో రోజు దాని మీద రంగు పలచన చేసే థిన్నర్ ఒలికింది. కంగారులో గుడ్డతో తుడిచాను, ముఖం మీది రంగంతా గుడ్డకొచ్చింది. అక్కడైనా ఆగానా? ఇంత పనితనం ఉన్న చెయ్యి కదా, నేనే దిద్దుతానని కూర్చున్నాను. నాకు తెలిసిన ముఖం చుక్క ఒక్కటే. దిద్దేకొద్దీ అది ఎవరి ముఖమూ కాకుండా పోయింది. చివరికి దాన్నీ పొయ్యిలో పెట్టాను.

సిపాయిని మాత్రం ఇచ్చాను. దానియేలు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "మా నాయినే" అన్నాడు. చుక్కను చూసి.

తర్వాత, ఒళ్లో మనవరాలితో కూర్చున్న నన్ను అడిగాడు. "ఫోటో ఏదిరా?"

"మీ మరియమ్మ చేతికిచ్చిన గదా. ఇచ్చిననే అనుకుంట."

ఇంకో మాట అడగకుండా ఇంటికెళ్లి భార్యను అడిగాడు. తన చేతికి ఇవ్వలేదని ఆమె ఏడవడం గోడ ఇవతలికి వినబడింది. ఆనాటి నుంచి బీరువా తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నాడు. నిరుడు పోయేదాకా ఆమెకు ఇవ్వలేదు. నా కోతలన్నీ ఎరిగినవాడు ఆ ఒక్క మాటను ఎందుకు నమ్మాడు? ఎంత తవ్వుకున్నా అంతు చిక్కదు. ఇప్పుడు ముఖం మీద పెట్టబోయిన చుక్క టోపీ మీద పడుతోంది, కుంచె విసిరికొడుతున్నాను. ఈ కాగితం నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ ఎక్కడో ఒకచోట నేనే మంచివాణ్ణయ్యాను. నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

నిన్న మల్కాజ్‌గిరిలో కూతురి దగ్గరుంటున్న మరియమ్మకు, ఇక్కడిదాకా చదివి వినిపించాను. గుండె కొంచెం తేలికైన మాట నిజం. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే వింది. చివరి కాయ గిన్నెలో వేసి తలెత్తింది.

"అనుకుంట అనలే అన్నా నువ్వు. మీ ఇంటి తలుపెన్క నిలవడి విన్న నేను. నీ మన్మరాలి నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్. అందుకే నమ్మిండు ఆయన. గది సుత రాయి."