బల్ల కింద శేషాచలం గారు

శేషాచలం గారు ఎవరింటికి వెళ్ళినా ముందు బల్ల కింద దూరతారు. నమస్కారాలూ కుశల ప్రశ్నలూ ఆ తర్వాతే.

నవ్వించడానికి అంటున్న మాట కాదిది. తొంభై మూడులో నేను ఖతర్ దేశంలో, అల్ ఖోర్‌లోని మా కంపెనీ కాలనీకి కొత్తగా వచ్చాను. మొదటి శుక్రవారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. తీస్తే యాభైకి దగ్గర పడ్డ పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో టార్చిలైటు. నా భుజం పక్క నుంచి లోపలికి తొంగి చూసి, "డైనింగ్ టేబులు ఓక్ లాగే ఉందే!" అన్నారు. మరుక్షణం మోకాళ్ళ మీద పాకుతూ దాని కిందికి వెళ్ళిపోయారు. నాకు రెండు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏమన్నా పోయిందా సార్?" అనడిగాను.

"పోవడం కాదు నాయనా, దొరకాలి," అంది బల్ల కింది గొంతు. కాసేపటికి దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, "కప్ప లేదు" అని నిట్టూర్చి, అప్పుడు చెయ్యి చాపారు. "శేషాచలం. ఇన్‌స్పెక్షన్ డిపార్ట్‌మెంటు. ఎదురు ఫ్లాటు. మాది కాకినాడ. మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్."

కప్ప సంగతి ఆ భోజనంలోనే తెలిసింది. ఇంగ్లండులో ఏదో పల్లెలో మిషన్ జోలికి పోకుండా చేత్తోనే ఓక్ కుర్చీలూ బల్లలూ చేసే వాళ్ళున్నారట. చేసిన ప్రతి వస్తువు మీదా ఏదో ఒక మూల చిన్న కప్పను చెక్కుతారట. అదే వాళ్ళ సంతకం. ఈయన పాత మేనేజరు దొర దేశం వదిలి పోతూ సామాను అమ్మేస్తుంటే, మూడు కాళ్ళ పీట ఒకటి కొనుక్కొచ్చారు. ఇంటికొచ్చి బోర్లిస్తే కాలి పక్కన బొటనవేలంత కప్ప! ఆ రోజు తర్వాత శేషాచలం గారు మళ్ళీ మామూలు మనిషి కాలేదు.

ఆఫీసులో జనరల్ మేనేజరు గదికి పిలిస్తే పెన్ను జారవిడిచి టేబులు కింద దూరారు. రెండోసారి నుంచి ఆ దొర ఈయన్ని చూడగానే తనే కాళ్ళు పైకెత్తి కూర్చునేవాడు. మా పక్కింటి బాబీ పుట్టినరోజున, కేకు పెట్టిన బల్ల కింద ఈయన దూరితే, అదేదో కొత్త ఆట అనుకుని పిల్లలందరూ వెంట దూరారు. కొవ్వొత్తులు ఊదడానికి పైన ఎవరూ మిగల్లేదు.

తొంభై ఆరు వచ్చేసరికి ఆయన హాల్లో పన్నెండు కుర్చీలు, రెండు బల్లలు, ఒక పుస్తకాల బీరువా, కొవ్వొత్తి స్టాండ్లు, రొట్టెలు కోసుకునే చెక్కపళ్ళెం చేరాయి. అన్నిటి మీదా కప్పలే. మేం వెళ్తే కూర్చునేది మాత్రం చాప మీద.

"కూర్చోకు, కూర్చోకు! అది కూర్చునే కుర్చీ కాదు."

"మరి దేనికి సార్?"

"చూడ్డానికి. చేత్తో చేసింది. ఆ అంచు చూడు, ఉలి గుర్తులెంత ముద్దుగా ఉన్నాయో. దూరం నుంచి చూడు."

ఏసీ గాలికి ఓక్ పగులుతుందని ప్రతి కుర్చీ కిందా ఒక బేసిన్‌తో నీళ్ళు పెట్టేవారు. వేసవి సెలవుల్లో కాలనీ మొత్తం ఇండియాకి పోతే, బేసిన్లలో నీళ్ళు నింపడానికని ఈయన ఆగిపోయేవారు. ఆయన భార్య వేదవతక్కయ్య వాటిని దాటుకుంటూ కాఫీ తెచ్చి, "పశువుల్ని పెంచినా ఇంత నీళ్ళు పట్టవు, పైగా పాలన్నా ఇచ్చేవి," అనేది. అలా అంటూనే శుక్రవారం శుక్రవారం ప్రతి కప్పకీ కుంకుమ బొట్టు పెట్టేది. ఎందుకక్కయ్యా అంటే, "ఇంట్లో ఇన్ని ప్రాణులున్నాక ఊరుకుంటామా?" అనేది.

ఒకసారి ఆయన లోపలికెళ్ళినప్పుడు, దొంగతనంగా ఒక కుర్చీ మీద కూర్చున్నాను. హాయిగానే ఉంది. లేవబోతే లేవలేకపోయాను. ప్యాంటు అంటుకుపోయింది.

"రెండొందల ఏండ్ల కుర్చీ అన్నరు గదా సార్, పాలిష్ ఇంక ఆరలేదేంది?" అన్నాను.

ఆయన తడబడలేదు. "ఇంగ్లీషు పాలిష్ నాయనా. నిదానంగా ఆరుతుంది."

ఈ మాట నేను కాలనీ అంతా చెప్పుకుని నవ్వాను. శేషాచలం గారి మీద జోకులు కట్టడంలో అప్పట్లో నాకు మంచి పేరుండేది. ఆయన్ని ఎవరో చక్కగా మోసం చేస్తున్నారనీ, పాపం ఇన్‌స్పెక్షన్ ఇంజనీరై ఉండి కనిపెట్టలేకపోతున్నారనీ మా అందరి అభిప్రాయం.

ఆ ఇంటి గురించి ఇంకో వింత కూడా ఉంది. శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు, వెనక గదిలోంచి టకటకమని చప్పుడు. ఏమిటంటే, "వేదవతి కారం దంచుతోంది," అనేవారు. ఇద్దరే ఉన్న ఇంట్లో వారం వారం అంత కారం ఏం చేస్తారని కాలనీ ఆడవాళ్ళు తెగ చర్చించుకునేవారు.

ఆ వేళకి ఆ ఇంట్లో ఇంకొక మనిషి కూడా ఉండేవాడు. పేరు పెద్దన్న, కడప వైపు పల్లె. అబూ నాసర్ అనే ఖతరీ పెద్దాయన ఇంట్లో డ్రైవరు. శుక్రవారం నమాజు తర్వాత ఆ ఇంటిల్లిపాదీ పడుకుంటే, సాయంత్రం దాకా అతనికి సెలవు. అక్క చేతి అన్నం తినడానికి వస్తాడనుకున్నాం. తక్కువ మాట, ఎక్కువ నవ్వు.

తొంభై ఏడు చలికాలంలో మా కంపెనీకి కొత్త మేనేజరు దొర వచ్చాడు. వాళ్ళావిడ మిసెస్ హార్లో. అబూ నాసర్ విల్లాలోనే అద్దెకి దిగారు. ఆవిడ పుట్టి పెరిగింది ఆ కప్పల వర్క్‌షాపు పక్క ఊరేనట! ఈ ఎడారిలో ఎవరింట్లోనో పాతిక కప్పలున్నాయని విని, శుక్రవారం చూడ్డానికి వస్తానని కబురు పెట్టింది. మేమంతా గంట ముందే వెళ్ళి చాప మీద సర్దుకున్నాం. వినోదం వదులుకుంటామా? ఆశ్చర్యమేమిటంటే, సంబరపడాల్సిన శేషాచలం గారి మొహం నెత్తురు చుక్క లేకుండా ఉంది.

అబూ నాసర్ పంపిన కారులో, పెద్దన్నే ఆవిణ్ణి తీసుకొచ్చాడు. ఆవిడ నమస్తే అంది, జేబులోంచి టార్చిలైటు తీసింది, గౌను సర్దుకుని నేరుగా బల్ల కింద దూరింది. పెద్దవాళ్ళలో శేషాచలం గారు కాక ఇంకొకరు ఆ పని చేయగా నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

బయటికొచ్చి మూడు కాళ్ళ పీటని తడిమి, "ఇది మా ఊరిదే. మిగతావి కాదు," అంది. "మా కప్పకి ముందు కాళ్ళకి నాలుగే వేళ్ళు. ఈ కప్పలకి ఐదేసి ఉన్నాయి. కానీ పనితనం చూస్తే మా వాళ్ళకేం తీసిపోదు. ఎవరు చేశారివి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దన్న తల దించుకున్నాడు.

"నేనే," అన్నారు శేషాచలం గారు.

వేదవతక్కయ్య చేతిలో పకోడీల పళ్ళెం ఒరిగింది. క్యాలెండరుకి మేకు కొట్టబోయి బొటనవేలు చితక్కొట్టుకున్న మనిషాయన. ఆ మేకు ఇప్పటికీ వంకరగానే ఉంది.

మిసెస్ హార్లో చప్పట్లు కొట్టింది. "అయితే వచ్చే శుక్రవారం మా ఇంటికి రండి. నా కళ్ళ ముందు ఒక కప్ప చెక్కి ఇవ్వండి. ఇంటి ఓనర్ని కూడా పిలుస్తాను!"

ఆవిడ వెళ్ళగానే నేను వంటింట్లోకి పరుగెత్తాను. "ఏంది అక్కయ్యా ఇది? సార్ ఎందుకట్ల అబద్ధం చెప్పిండు?"

అక్కయ్య తలుపు మూసి చెప్పింది. "పెద్దన్న అసలు వడ్రంగి, భరణీ. తాతల నాటి పని. ఏజెంటు డ్రైవరు వీసా చేతిలో పెట్టి పంపాడు. ఆ పీట కాలు ఊడితే బాగుచెయ్యడానికొచ్చాడు. మన స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం చూడు, కప్ప బొమ్మ కూడా అలా మా ఇంటి గుర్తనుకున్నాడు. ఇంగ్లీషు వాళ్ళు చెత్తకుండీ పక్కన పారేసిన ఓక్ తలుపులతో నాకో కుర్చీ చేసి, మా గుర్తే కదా అని దాని మీదా కప్పను చెక్కాడు. అది చూసి ఈయన గంట సేపు నవ్వారు. ఆ తర్వాత వెనక గదిలో రంపం, ఉలి కొని పెట్టారు. ఇంగ్లీషు వాళ్ళయితే ఎంతకమ్ముతారో అంతా పెద్దన్న చేతిలో పెడతారు. అతని కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది."

"మంచి పనే గదా. దాచుడెందుకు?"

"డ్రైవరు వీసా మీదున్నవాడు బయట ఇంకో పని చేశాడని తెలిస్తే టికెట్టు కొట్టి ఇంటికి పంపేస్తారు. అందుకే అన్నీ ఇంగ్లండువే అని ఊరంతా చాటారు. అందరూ ఆయన్ని చూసి నవ్వుతుంటే, కుర్చీ ఎవరు చేశారని అడిగేవాడు ఉండడు కదా."

"అయితే ఆ బల్లల కింద దూరుడంతా నటనేనా?"

అక్కయ్య ఆలోచించింది. "మొదటేడు నిజం పిచ్చే. తర్వాత సగం పిచ్చి, సగం నటన. ఏ సగం ఏదో నాకూ తెలీదు."

నాకు చాలా సిగ్గేసింది. నాలుగేళ్ళు నేను కట్టిన జోకులన్నీ ఆయన కావాలని కట్టించుకున్నవేనన్నమాట.

ఆ వారమంతా వెనక గదిలో కారం దంచింది శేషాచలం గారే. శనివారం ఒక వేలికి కట్టు, సోమవారం రెండు, బుధవారానికి నాలుగు. ఆయన చెక్కింది కప్పలా లేదు, బంగాళాదుంపకి కాళ్ళొచ్చినట్టుంది. "సార్, నిజం చెప్పేస్తా, పోతే పోతా," అని పెద్దన్న బతిమాలాడు. "నోరు ముయ్యి. అమ్మాయి చదువు సగంలో ఉంది," అని కసిరారు.

శుక్రవారం హార్లో గారి హాల్లో అబూ నాసర్ జపమాల తిప్పుతూ కూర్చున్నాడు. వెనక పెద్దన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిసెస్ హార్లో ఓక్ చెక్క ముందు పెట్టింది. శేషాచలం గారు కట్లు కట్టిన చేత్తో ఉలి పట్టారు, సుత్తి ఎత్తారు, కళ్ళు మూసుకున్నారు.

సుత్తి దిగలేదు. పెద్దన్న పట్టుకున్నాడు.

"చాల్లే సార్. ఉండేది ఒక్క ఏలు. అదీ పోతాది."

"పెద్దన్నా, వద్దు!"

"ఉండు సార్. నాకోసరం నువ్వు యా బల్ల కింద దూరినా చూస్తా ఊరుకున్యా. నెత్తర కారేది చూళ్ళేను."

నేల మీద కూర్చుని, చెక్కని కాలి వేళ్ళ మధ్య బిగించి, పది నిమిషాల్లో కప్పను లేపాడు. ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. ముందు కాళ్ళకి ఐదేసి వేళ్ళు. మిసెస్ హార్లో నాలుగు వేళ్ళు చూపించి నవ్వితే, "చెయ్యన్నాక ఐదు ఏళ్ళుండాల గదమ్మా!" అన్నాడు.

అబూ నాసర్ ఆ కప్పను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. నువ్వు చేశావా అని అరబ్బీ కలిసిన హిందీలో అడిగాడు.

"హా బాబా. మై నజ్జార్. వడ్రంగి," అన్నాడు పెద్దన్న.

"కల్ సే గాడీ మాఫీ," అన్నాడు పెద్దాయన.

రేపటి నుంచి కారు లేదు. శేషాచలం గారు ఉన్నపళంగా లేచి, ఇంగ్లీషు, హిందీ, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కలిపి, తప్పంతా తనదేననీ, పంపితే తననే పంపమనీ మొదలుపెట్టారు. పెద్దాయన జపమాల ఎత్తి ఆపాడు. వాళ్ళ నాన్నగారి కాలం నాటి మందూసు, అంటే పెళ్ళి సామాను దాచుకునే పెద్ద చెక్కపెట్టె, మూత విరిగి ఆరేళ్ళుగా మూల పడి ఉందట. దోహా అంతా వెతికినా దాన్ని ముట్టుకునే మంచి చెయ్యి దొరకలేదట. "నా కారులోనే కూర్చున్నాడు, నాకెవరూ చెప్పలేదు!" అని కోప్పడ్డాడు. "కల్ సే నజ్జార్. వీసా కూడా మారుస్తాను. యల్లా, ముందు చాయ్ తాగు."

సాయంత్రం అందరం శేషాచలం గారింటికి చేరాం. మేం అలవాటుగా చాప మీద కూర్చోబోతుంటే ఆయన అడ్డం వచ్చారు. కళ్ళు తుడుచుకోవడానికి వేళ్ళ నిండా కట్లే, దాంతో భుజంతో తుడుచుకున్నారు.

"కుర్చీల్లో కూర్చోండి. అందరూ కూర్చోండి. నువ్వు కూడా పెద్దన్నా. ఇన్ని చేశావు, ఒక్కదాని మీదా కూర్చోలేదు నువ్వు."

పెద్దన్న ఒక అంచున భయంభయంగా కూర్చుని, తర్వాత వెనక్కి వాలి, "బాగనే చేసినా సార్!" అన్నాడు. కాలనీ అంతా ఘొల్లున నవ్వింది. బేసిన్లు తన్నేసి, పకోడీలు తిని, రాత్రి భోజనాల వేళ దాకా కూర్చున్నాం.

వెళ్దామని లేవబోయాను. లేవలేకపోయాను.

"సార్," అన్నాను, "ఇది..."

శేషాచలం గారు బల్ల కింద ఉన్నారు. ఎందుకో అడక్కండి. అక్కడి నుంచే జవాబొచ్చింది.

"కడప పాలిష్ నాయనా. అది ఇంకా నిదానం."